కనకవల్లమ్మ కుడికాలు

కనకవల్లమ్మ ముక్కు గురించి మద్రాసు పురసవాక్కంలో చాలా మాటలు చెప్పుకునేవాళ్ళు. వీధి చివర ఎవరింట్లో పాలు విరిగినా ఆమెకు తెలిసిపోతుందట. మిరపకాయల మూట విప్పకుండానే అది ఈ ఏటి పంటో పోయిన ఏటి పంటో చెప్పేస్తుందట. ఇందులో సగం కోతలు. మిగిలిన సగం మాత్రం నిజం, ఆ నిజం మీదే ముప్ఫై ఆరేళ్ళ వ్యాపారం నిలబడింది. ఆ ముక్కు చచ్చిపోయిన సంగతి మాత్రం మూడున్నరేళ్ళ పాటు ఆమెకూ ఒక డాక్టరుకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలియనివ్వలేదు ఆ మహాతల్లి.

వ్యాపారం కందిపొడితో మొదలైంది. ఆమె భర్త తిరువేంగడం రైల్వేలో గుమస్తా. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే నాయుళ్ళు. వాళ్ళ పెద్దలు మద్రాసుకు ఎప్పుడొచ్చారో, ఎందుకొచ్చారో ఇప్పుడు చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. తిరువేంగడం క్యారియరు మూలలో ఉండే చారెడు పొడి కోసం తోటి గుమస్తాలు చేతులు చాచేవాళ్ళు. చాచీ చాచీ సిగ్గేసి, చివరికి ఒకాయన ఖాళీ హార్లిక్స్ సీసా తెచ్చి ఇచ్చాడు. అది పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది. ఏడాది తిరిగేసరికి అలాంటి సీసాలు వంటింట్లో కాలు పెట్టనివ్వకుండా వరసలు కట్టాయి. అత్తగారు సీతాలక్ష్మి, కోడలు ఇంట్లో అంగడి పెట్టిందని మూతి ముడుచుకుంది. మూతి ముడుచుకునే రోజుకు రెండు వీశెల వెల్లుల్లి ఒలిచి పెట్టింది.

అత్తగారిది ఒకటే షరతు. దేవుడికి పెట్టక ముందు దేన్నీ నాలుక మీద వేసుకోకూడదు. అమ్ముకునే పొడి అయినా సరే, దంచిన ప్రతి వాయిలో మొదటి పిడికెడు పెరుమాళ్ళ పటం ముందుకు పోవాలి. ఆ తర్వాతే మనిషి రుచి చూడాలి. దేవుడికి పెట్టిన తర్వాత తప్పు కనిపిస్తే దిద్దుకునేదేముంది? అందుకని కనకవల్లమ్మ వాసనతోనే వండడం నేర్చుకుంది. పప్పు వేగుతుంటే వచ్చే కమ్మదనం ఎక్కడ ఆగిపోయి మాడు మొదలవుతుందో, ఇంగువ ఎప్పుడు పచ్చిదనం వదులుతుందో, జీలకర్ర ఎంత పడిందో, అన్నీ ముక్కే చెప్పేది. ఉప్పుకు కూడా వాసన ఉంటుందా అని భర్త ఎగతాళి చేస్తే, ముక్కున్నవాళ్ళకు ఉంటుందనేది.

పక్క పోర్షన్‌లో కాపురముండే వరదలక్ష్మి ఒక రోజు చేట పట్టుకుని వచ్చి గుమ్మంలో కూర్చుంది. పప్పులో రాళ్ళేరి పెడతానంది. ఊరికే పొద్దుపోక వచ్చిన మనిషి ముప్ఫై ఆరేళ్ళు ఆ చేట దించలేదు. మధ్యలో ఇల్లు మారింది, భర్త పోయాడు, కూతురికి పెళ్ళి చేసింది, మోకాళ్ళు అరిగాయి. పొద్దున తొమ్మిదికల్లా మాత్రం చేట ముందుండేది. కనకవల్లమ్మను అక్కా అని పిలిచేది, అక్కను ఎగతాళి చేసే హక్కు ఈ భూమ్మీద తనకొక్కదానికే ఉందన్నట్టు చేసేది.

"నీ ముక్కుకు ఇన్సూరెన్స్ కట్టించక్కా," అనేది. "అది పోతే మనమందరం వీధిలో పడతాం."

తొంభై తొమ్మిదిలో ఇల్లు చాలక వ్యాసర్పాడిలో రైల్వే యార్డు వెనక ఒక షెడ్డు తీసుకున్నారు. ముందు వేయించే పొయ్యిలు, మధ్యలో పెరడు, వెనక పప్పు నిలవ చేసే గోడౌన్. వేయించడానికి పళని వచ్చాడు. తమిళవాడు, పప్పు వేయించడం, తెలుగు మాట్లాడడం రెండూ కనకవల్లమ్మ దగ్గరే నేర్చుకున్నాడు. పొయ్యి మీద ఒక్క గింజ మాడితే గేటు దగ్గర నుంచే ఆమె కేక వినపడేది. ఆ కేకకు భయపడి భయపడే మంచి పనివాడయ్యాడు.

ఇక రెండు వేల ఆరులో జరిగింది చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. సౌకార్‌పేట నుంచి కందిపప్పు లోడు వచ్చింది. బస్తాలన్నీ గోడౌన్‌లో దించి, తలుపు వేసి, అందరూ టీలు తాగారు. అరగంట తర్వాత తలుపు తీసి కనకవల్లమ్మ గడప దాటబోయి ఆగిపోయింది. ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది.

"వెల్లుల్లి వాసన వస్తా ఉండాది," అంది.

అందరూ నవ్వారు. వెల్లుల్లి వేసే పొడుల షెడ్డులో వెల్లుల్లి వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా అంది వరదలక్ష్మి.

"ఇది మన వెల్లుల్లి కాదు. దీంట్లో చేపలు కుళ్ళిన వాసన కలిసుండాది. ఎవురూ లోపలికి పోబాకండి."

బస్తాలన్నీ పెరట్లోకి లాగించి విప్పిస్తే, రెండింటిలో గుడ్డలో చుట్టిన బూడిదరంగు పొడి బయటపడింది. పురుగు పట్టకుండా పెద్ద గోదాముల్లో పెట్టే మందు బిళ్ళలవి, సగం కరిగి పొడైపోయినవి. గాలి తగిలితే కరిగి విషవాయువు వదులుతాయి. పప్పును బాగా ఆరబోసి ఆ గాలి పోయాక గానీ మూట కట్టకూడదు. ఎవడో తొందరపడ్డాడు. మూసిన గదిలో ఆ గాలి పీలిస్తే మనిషి దక్కడని సౌకార్‌పేట వ్యాపారే వచ్చి చెప్పాడు. అక్కడున్న తొమ్మిదిమందీ కనకవల్లమ్మ వైపు చూసిన చూపు దేవుడి వైపు చూసే చూపే.

ఆ రోజు నుంచి అదొక ఆచారమైపోయింది. కొత్త లోడు వస్తే గోడౌన్ తలుపు అరగంట మూసి ఉంచాలి. తర్వాత తలుపు తీసి కనకవల్లమ్మ గడప దగ్గర నిలబడాలి. గట్టిగా ఊపిరి పీల్చాలి. బాగుందనుకుంటే కుడికాలు లోపల పెట్టాలి. ఆమె కాలు పడిన తర్వాతే చేటలు పట్టుకుని ఆడవాళ్ళు లోపలికి పోవాలి. పెళ్ళిలో కోడలి గృహప్రవేశానికి కూడా ఇంత పట్టింపు ఉండదని తిరువేంగడం నవ్వేవాడు.

రెండు వేల ఇరవై ఒకటి మే నెలలో ఇద్దరికీ జ్వరం వచ్చింది. ఆమెకు తగ్గింది, ఆయనకు తగ్గలేదు. పదకొండో రోజు ఇంట్లో ఆయన పటానికి హారతి ఇస్తున్నప్పుడు కొడుకు గిరి పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. కర్పూరం వెలుగుతోంది. ఆమె మొహాన్ని దగ్గరగా పెట్టింది. వేడి తగిలింది, వాసన తగల్లేదు. దుఃఖంలో ఉన్నాను కదా, అదే వస్తుందిలే అనుకుంది.

రాలేదు. నెల చూసింది, ఆరు నెలలు చూసింది. ఎవరికీ చెప్పకుండా పురసవాక్కంలోనే ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళింది. కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు, చూద్దామన్నాడు ఆయన. బయటికొచ్చి ఆటోలో కూర్చుని ఏడ్చింది. భర్త పోయినప్పుడు కూడా అంత ఏడవలేదని ఆమెకే తోచి, ఆ సిగ్గుతో మళ్ళీ ఏడ్చింది.

ఎందుకు చెప్పలేదంటే, భయం. గిరి మంచివాడే. చెబితే, "నువ్వు ఇంట్లో రెస్ట్ తీసుకోమ్మా," అనేవాడు, ఎంతో ప్రేమగా. ఆ ప్రేమే ఆమెకు భయం. ప్యాకెట్ మీద ఆమె బొమ్మ, బొమ్మ కింద 'అమ్మ వాసన చూసి పంపిన పొడి' అని మూడు భాషల్లో అచ్చు. వాసన పోయిన కనకవల్లమ్మ ఎవరు? మోకాళ్ళ నొప్పులున్న అరవై మూడేళ్ళ విధవరాలు, అంతే కదా. అది ఒప్పుకోవడం ఆమె వల్ల కాలేదు.

అందుకని నటించింది. బాగా నటించింది కూడా. పప్పు చిటపటలు విని, రంగు చూసి, గడియారం చూసి కేకలేసేది. అన్నిటికంటే ఎక్కువగా పళని మొహం చూసేది. వాడి ముక్కుపుటాలు కదిలితే ఏదో మాడుతోందని అర్థం. లోడు వచ్చిన రోజు వాడిని తన కుడిపక్కన నిలబెట్టుకునేది. ఊపిరి పీలుస్తూ ఓరకంట వాడిని చూసేది. వాడి మొహం ప్రశాంతంగా ఉంటే కాలు లోపల పెట్టేది. పళని ముక్కు మీద నడుస్తున్నామని ఆ షెడ్డులో ఎవరికీ తెలియదు, పళనికి అసలే తెలియదు. ఇలా ముప్ఫై లోడ్లు గడిచాయి. ముప్ఫై గడిచాక ముప్ఫై ఒకటోది కూడా గడుస్తుందనిపించడం మనిషికి సహజం.

రెండు వేల ఇరవై నాలుగు నవంబరులో మూడు రోజులు వదలకుండా వాన కురిసింది. పాత వ్యాపారి దగ్గర సరుకు తడిసిందని గిరి ఎవరో కొత్త బ్రోకరు దగ్గర పప్పు తెప్పించాడు. అదే రోజు సుధీంద్ర అనే ఆయన కెమెరా మనిషితో సహా దిగాడు. ఒక పెద్ద సూపర్‌మార్కెట్ కంపెనీ మనిషి. తమ అన్ని అంగళ్ళలో వీళ్ళ పొడులు పెట్టాలా వద్దా అని చూసిపోవడానికి వచ్చాడు. గిరి ఆయనకు గోడౌన్ ఆచారం గురించి ముందే గొప్పగా చెప్పి పెట్టాడు.

"అమ్మా, అరగంట అయిపోయింది. సార్ వెయిట్ చేస్తా ఉండారు," అన్నాడు.

కనకవల్లమ్మ గడప దగ్గరికి వచ్చింది. కుడిపక్క చూసింది. పళని ఉండాల్సిన చోట కెమెరా ఉంది, దాని పక్కన సుధీంద్ర ఉన్నాడు. పళని ఎక్కడో వెనక, బస్తాలు మోసి తడిసిన బట్టలతో, చేటలు పట్టుకున్న నలుగురు ఆడవాళ్ళ వెనక ఉన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే సరిపోయేది. పళనీ ఇట్రా అంటే సరిపోయేది. ఏం మాట వస్తుంది? ఏమీ రాదు. కానీ కెమెరా ముందు వెనక్కి తిరిగితే ఏదో తప్పు పట్టుబడుతుందనుకుంది. దొంగకు అన్నీ అనుమానాలే కదా.

గట్టిగా ఊపిరి పీల్చింది. ఎప్పటిలాగే లోపలికి పోయింది చల్లని గాలి మాత్రమే. కుడికాలు లోపల పెట్టింది.

సుధీంద్ర చప్పట్లు కొట్టాడు. అందరూ ఆయన్ను ముందు గదికి తీసుకుపోయి కాఫీ, పొడి వేసిన ఇడ్లీలు పెట్టారు. ఆయన వెళ్ళిపోయేసరికి పదకొండున్నర. మామూలుగా ఆడవాళ్ళు పెరట్లో కూర్చుని పప్పు ఏరతారు. ఆ రోజు వాన. గోడౌన్‌లోనే కూర్చున్నారు. జల్లు కొడుతోందని తలుపు మీది షట్టర్ ముప్పాతిక వరకు కిందికి లాగుకున్నారు. పొయ్యిల దగ్గర వెల్లుల్లి వేగుతోంది, షెడ్డంతా అదే ఘాటట. ఆ ఘాటు సంగతి కూడా ఆమెకు తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

పన్నెండుంబావుకు వరదలక్ష్మి గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది.

"తల పోటుగా ఉండాదక్కా. కడుపులో తిప్పతా ఉండాది. నా పక్కన పప్పేరే రాగిణి పిల్ల కూడా అట్టనే అంటా ఉండాది."

కనకవల్లమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది. పెరడు దాటి గోడౌన్ దగ్గరికి పోయి, వంగి, షట్టర్ కింద తల పెట్టి పీల్చింది. రెండోసారి పీల్చింది. మూడోసారి కళ్ళు మూసుకుని, పెరుమాళ్ళను తలుచుకుని పీల్చింది. ఏమీ లేదు. ఇరవై అడుగుల దూరంలో పళని పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. వాడిని పిలిచి, ఒక్కసారి వాసన చూడు అనాలి. అంటే, మీకు రాదా అమ్మా అని వాడు అడుగుతాడు. ఆ ప్రశ్న వాడి నోట్లో ఇంకా పుట్టలేదు, అయినా దానికి జడిసి ఆమె నోరు తెరవలేదు.

తిరిగి వచ్చింది.

"ఏమీ లేదులే. వాన గాలి," అంది. "పొద్దున ఏమి తింటివి?"

"ఏమీ తినలా."

"మరి తల నొయ్యక ఏమి చేస్తాది? కాఫీ తాగి పో."

"నువ్వు చూసినావు కదా. సరి, అప్పురం ఇంకేముండాది," అంది వరదలక్ష్మి. కాఫీ తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. కొంగు తల మీద వేసుకుని వానలో పెరడు దాటి మళ్ళీ షట్టర్ కిందికి దూరింది. ఆమె పోతుంటే కనకవల్లమ్మ చూస్తూ నిలబడింది.

రెండు గంటలకు రాగిణి పాక్కుంటూ బయటికి వచ్చి మెట్ల మీద కక్కుకుంది. షట్టర్ ఎత్తి చూస్తే మిగిలిన ముగ్గురూ పడి ఉన్నారు. పళని ఒక్కొక్కరిని మోసుకుని బయటికి తెచ్చాడు. వీధిలో మోకాలు లోతు నీళ్ళు; ఆటో రావడానికే ఇరవై నిమిషాలు పట్టింది. ముగ్గురు బతికారు. వరదలక్ష్మి మర్నాడు పొద్దున పోయింది. ఆమె చేటలో సగం ఏరిన పప్పు అలాగే ఉంది, రాళ్ళు ఒక పక్క, గింజలు ఒక పక్క.

పోలీసులు వచ్చారు, బ్రోకరును పట్టుకుపోయారు. మందు పెట్టి సరిగ్గా ఆరబెట్టని సరుకని తేలింది. తప్పు మనది కాదమ్మా అని గిరి పదిసార్లు చెప్పాడు, అంతకంటే ఎక్కువసార్లు తనకు తాను చెప్పుకున్నాడు. పరామర్శకు వచ్చినవాళ్ళ మాట ఇంకొకటి. అంతటి కనకవల్లమ్మ ముక్కుకే అందలేదంటే అదెంత మాయదారి గాలో అన్నారు. వరదలక్ష్మి కూతురు కూడా ఆమె చేతులు పట్టుకుని అదే అంది. నిన్ను నమ్మి మా అమ్మ పోయిందే అని ఒక్కరు తిట్టినా ఆమెకు ఊపిరాడేది. ఒక్కరూ తిట్టలేదు.

పదహారో రోజు షెడ్డు తెరిచారు. కనకవల్లమ్మ వచ్చేసరికి పళని ఒక్కడే పొయ్యి ముందు ఉన్నాడు. బాణలిలో పప్పు వేగుతోంది. ఆమెను చూసి గరిటె పక్కన పెట్టి ఎదురొచ్చాడు. ఆమె పొయ్యికి వీపు పెట్టి స్టూలు మీద కూర్చుంది.

"ఇంక నేను రానమ్మా," అన్నాడు. "ఈ వాయి ఒకటి దించేసి పోతా."

"యాడికి పోతావు?"

"తెలీదు. ఈడ ఉండలేను." మళ్ళీ తనే అందుకున్నాడు. "ఆ దినం మూట భుజం మీద ఎత్తినప్పుడే నాకు వాసన తగిలిందమ్మా. రెండు వేల ఆరులో వచ్చిందే, అదే. చెప్దామని నోటిదాకా వచ్చింది. అరగంట ఆగి అమ్మే చూస్తాది కదా అని ఊరుకున్నా. మీరు కుడికాలు పెట్టి లోపలికి పోయినారు. అమ్మకే రాని వాసన నాకెట్ల వస్తాది, మన వెల్లుల్లే అయ్యుంటాది అనుకున్నా. వానకి మీకు పడిశం పట్టుంటాది, ఆ మాట నేను ఆలోచన చేసుండాల. తెలిసీ చెప్పలేదు. వరదలక్ష్మక్కని చంపింది నేనే."

అతను ఏడుస్తున్నాడు. యాభై దాటిన మగమనిషి, చేతులు కట్టుకుని, నిలబడి ఏడుస్తున్నాడు. ఇప్పుడు కూడా ఊరుకోవచ్చు. నీ తప్పేమీ లేదులే అని నాలుగు మంచి మాటలు చెప్పి పంపేయవచ్చు. ఆ పాపం అతను తనతో తీసుకుపోతాడు, ప్యాకెట్ మీద బొమ్మ అలాగే ఉంటుంది. ఆ ఆలోచన తనకు వచ్చినందుకు కనకవల్లమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"పడిశం కాదు పళనీ," అంది. "నాకు వాసన రాదు. ఆయన పోయినప్పుడే పోయింది. మూడున్నరేళ్ళు నీ మొహం చూసి కాలు పెడతా ఉండా. ఆ దినం నువ్వు పక్కన లేవు."

పళని ఏడుపు ఆగింది. ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు. ఆమెకు అర్థం కాలేదు.

"మీ వెనక పప్పు మాడిపోతా ఉండాదమ్మా," అన్నాడు మెల్లగా. "నేను మీకు ఎదురొచ్చి నిలబడినప్పటి నుంచీ."

ఆమె తిరిగి చూడలేదు. అతను ఆమె పక్కనుంచి పోయి పొయ్యి ఆపాడు. బాణలి దించాడు. నల్లగా అయిన పప్పును గరిటెతో ఒకసారి కలిపి వదిలేశాడు.

"వరదలక్ష్మక్క తలనొప్పని వచ్చింది కదమ్మా," అన్నాడు. "అప్పుడు నేను పక్కనే ఉంటిని. నన్ను ఒక మాట పిలిచి ఉండొచ్చు కదా."

"పిలిచి ఉండొచ్చు," అంది కనకవల్లమ్మ.